పెరట్లో కొలను... వీధిలో బిందెలు

రాజాం చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు ఈత నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓ వేసవి సెలవు, ఊరవతల ఓ చెరువు, నడుముకి కట్టుకోవడానికి రెండు ఎండు ఆనపబుర్రలు, గట్టు మీద నిలబడి అరిచే ఓ మావయ్య... ఇవి ఉంటే చాలు. చెరువు లేకపోతే నుయ్యి. నుయ్యి లేకపోతే వానలకి పొంగిన గెడ్డ. ఫీజుల్లేవు, టోపీల్లేవు, నీలం గచ్చు లేదు. వారం తిరిగేసరికి బుర్రలు ఊడేవి, ఈత వచ్చేసేది.

ఇప్పుడా చెరువుల్లో కొన్ని పూడిపోయాయి. కొన్నిట్లో నీళ్ల కన్నా గుర్రపుడెక్కే ఎక్కువ. ఊటనూతుల మీద మూతలు పడ్డాయి. వాటి బదులు వీధికి పది బోర్లు దిగాయి. మరి ఈత? అది పట్నాలకి వలసపోయింది. అక్కడి అపార్ట్‌మెంట్లలో నీలం గచ్చు పరుచుకుని, గంటకింతని టైంటేబుల్ వేసుకుని కూర్చుంది. కొన్నాళ్లు అక్కడ ఉండి, ఇప్పుడు మళ్లీ చిన్న ఊళ్ల వైపు చూస్తోంది. కాకపోతే ఈసారి ఊరందరి చెరువులోకి కాదు, ఒక్కరి పెరట్లోకి!

ఆ పెరడు ఓ లెక్కల మేష్టారిది. రిటైరై చాలా ఏళ్లయింది. రాజాం నుంచి పాలకొండ వెళ్లే దారిలో, ఊరు కొత్తగా పెరుగుతున్న వైపు కొడుకు స్థలం కొన్నాడు. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇల్లు ఎలా ఉండాలో అతగాడు కంప్యూటర్లో బొమ్మ గీయించి పంపాడు. ముందు గది, వంటిల్లు, పూజగది, మేడ మెట్లు... అన్నీ చూసుకుంటూ వచ్చిన మేష్టారి వేలు వెనక వైపున్న నీలం రంగు దీర్ఘచతురస్రం దగ్గర ఆగిపోయింది.

''ఇదేంట్రా? ఇంత పెద్ద కుడితి గోలెం?'' అని ఫోన్లో అడిగారాయన.

''స్విమ్మింగ్ పూల్ నాన్నా.''

అవతల కొడుకు, ఇవతల తండ్రి. మధ్యలో కాసేపు మాటల్లేవు.

అక్కడ ఎండిపోయిందని...

కొడుకు కోరికని ఆడంబరం అని కొట్టిపారేయడానికి లేదు. దాని వెనక ఓ కథ ఉంది. వాళ్ల అపార్ట్‌మెంట్లో ఈత కొలను ఉండేది. మేష్టారి మనవడు అందులోనే ఈత నేర్చుకున్నాడు. మనవరాలు సగం నేర్చుకుంది. ఇంకో నెలలో చేతులు వదిలేస్తుందనగా 2024 వేసవి వచ్చిపడింది. అంతకు ముందు ఏడాది వానలు సరిగ్గా పడక బెంగళూరులో వేల బోర్లు ఎండిపోయాయి. కోట్లు పోసి కొన్న ఫ్లాట్ల ముందు ట్యాంకర్ల కోసం క్యూలు కట్టారు. ఆ మార్చి నెలలో బెంగళూరు జలమండలి తాగేందుకు పనికొచ్చే నీటిని ఈత కొలనుల్లో వాడకూడదని ఆంక్ష పెట్టింది. తప్పితే 5,000 రూపాయల జరిమానా. మళ్లీ మళ్లీ తప్పితే రోజుకి మరో 500. కొలను ఖాళీ అయింది. పిల్లలు అందులో దిగి క్రికెట్ ఆడుకున్నారు.

''ఇక్కడ ఎప్పుడు నీళ్లుంటాయో ఎప్పుడు ఉండవో తెలీదు నాన్నా. మన ఊళ్లో అయితే బోరు వేస్తే పడతాయి కదా! సెలవులకి వచ్చినప్పుడు పిల్లలు హాయిగా ఈదుకుంటారు'' అన్నాడు కొడుకు.

మేష్టారికి ఆ మాట దగ్గరే మనసు ముడి పడింది. అక్కడ నీళ్లు లేవని కొలను మూశారు. ఇక్కడ నీళ్లున్నాయని కొలను తవ్వాలి. సరే, ఇక్కడివి కూడా అయిపోతే? అప్పుడింకెక్కడికి పోతాం?

అలాగని వద్దనడానికీ ఆయనకి నోరు రాలేదు. కారణం ఆయన ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడని సంగతి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఓ ఏడాది వేసవి సెలవులు అయ్యాక బడి తెరిచారు. హాజరుపట్టీలో పేర్లు పిలుస్తున్నారు. ఓ పేరు దగ్గర జవాబు లేదు. రెండోసారి పిలిచారు. ముందు బెంచీ పిల్లాడు లేచి, ''ఆడు చెరువులో పడి చచ్చిపోనాడు మేష్టారూ'' అన్నాడు. ఆ పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టాల్సి వచ్చింది. వడ్డీ లెక్కలు, వాలుతలాలు, కాలము-పని... అన్నీ నేర్పారు కానీ బతకడానికి పనికొచ్చే ఆ ఒక్క విద్యా ఎవరూ నేర్పలేదే అని ఆయనకి ఇప్పటికీ బాధే.

ఇది ఒక్క ఊరి బాధ కాదు. 2021లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బడి ఈడు పిల్లలకి ఈత నేర్పండి, నీళ్ల చుట్టూ అడ్డుకట్టలు కట్టండి అని ఆ సంస్థ చెబుతూనే ఉంది. 2021 నుంచి ఏటా జులై 25ని నీటిప్రమాదాల నివారణ దినంగా జరుపుతున్నారు కూడా. కాబట్టి ఈత కావాలి. అందులో సందేహం లేదు. ఎవరి నీళ్లతో అన్నదే ప్రశ్న!

మూడు వేల బిందెలు!

మేష్టారు పాత డైరీ తీశారు. కొడుకు పంపిన బొమ్మలో కొలతలున్నాయి. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మీటరూ నలభై సెంటీమీటర్ల లోతు. గుణిస్తే 44.8 ఘనపు మీటర్లు. అంటే ఇంచుమించు 45,000 లీటర్లు.

ఆ అంకె ఆయన భార్యకి ఎక్కలేదు. ''లీటర్లు కాదండీ, బిందెల్లో చెప్పండి'' అందావిడ. పదిహేను లీటర్ల బిందె అనుకుంటే మూడు వేల బిందెలు! ఆవిడ పిండి కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. పెళ్లయి వచ్చిన కొత్తలో తెల్లవారుజామున లేచి నూతి దగ్గర వరసలో నిలబడి రోజుకి ఎనిమిది బిందెలు మోసిన మనిషి ఆవిడ. ''అంటే ఏడాది పైగా నేను మోసిన నీళ్లన్నమాట!'' అంది.

పట్టణాల్లో నీటి సరఫరాకి కేంద్రం సూచించే కొలమానం ఒకటుంది. మురుగునీటి పైపులున్న ఊళ్లో మనిషికి రోజుకి 135 లీటర్లు, అవి లేని ఊళ్లో 70 లీటర్లు. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇవ్వడానికి 2019లో మొదలైన జలజీవన్ మిషన్ పెట్టుకున్న లక్ష్యం మనిషికి 55 లీటర్లు. ఇప్పుడు లెక్క వేయండి. డెబ్భై లీటర్ల చొప్పున చూస్తే ఆ కొలను ఒక్కసారి నింపే నీళ్లు 640 మందికి పైగా ఒక రోజు సరిపోతాయి. అయిదుగురున్న కుటుంబానికైతే నాలుగు నెలల పైమాటే.

పోనీ, ఒక్కసారి నింపితే అయిపోతుందా అంటే అదీ లేదు. ఎండాకాలంలో కొలను పైనుంచి రోజుకి ఆరు మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే, ముప్ఫై రెండు చదరపు మీటర్ల మీద అది 192 లీటర్లు. రోజూ పదమూడు బిందెలు ఎండే తాగేస్తుందన్నమాట. మూడు నెలల వేసవికి 17,000 లీటర్ల పైన. ఇది కాక ఇసుక ఫిల్టరుని వెనక్కి నీళ్లు తోసి కడగాలి. నిమిషానికి రెండొందల లీటర్ల మోటారుతో అయిదు నిమిషాలు కడిగితే మరో వెయ్యి లీటర్లు.

ఎదురింటావిడ ప్రశ్న

ఈ లెక్కలన్నీ ఒక ఎత్తు. ఎదురింటావిడ అడిగిన ప్రశ్న ఒక ఎత్తు. ఆ వీధిలో అందరికన్నా ముందు ఇల్లు కట్టుకున్నది వాళ్లే. వాళ్లకో పాత నుయ్యి ఉంది, దాని పక్కనే ఓ బోరుంది. ఓ మే నెలలో రెండూ అడుగంటితే ఆవిడ ట్యాంకరు వెనక బిందెలు పట్టుకుని పరుగెత్తింది. స్థలం చదును చేయిస్తున్నప్పుడు గట్టు మీదికొచ్చి నిలబడింది.

''మేష్టారూ, కొలను కట్టిస్తన్నారంట?''

''అనుకుంటున్నామమ్మా. ఇంకా ఏమీ తేలలేదు.''

''కట్టుకోండి బాబూ, మీ స్థలం మీ ఇష్టం. మీ కొలను నిండితే మా నుయ్యి ఎండిపోదు కదా? అదొక్కటీ చెప్పండి.''

నలభై ఏళ్లు పిల్లల ప్రశ్నలకి జవాబులు చెప్పిన మేష్టారి దగ్గర ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఎందుకంటే భూమి పైన గోడ కట్టి ఇది మాది, అది మీది అనొచ్చు. భూమి కింద గోడలుండవు. ఈ తూర్పు కనుమల వైపు కింద ఉన్నది చాలా చోట్ల గట్టి రాయి. నీరు ఉండేది ఆ రాతి పగుళ్లలో, పైనున్న మెత్తని పొరల్లో. ఒకరి బోరు లాగిన నీరు పక్కవాళ్ల బోరుది కాదని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు.

దూరం నుంచి చూసేవాళ్లకి ఈ ప్రాంతానికి నీటి కొదవేంటని అనిపిస్తుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన. ఒడిశా కొండల్లో పుట్టి వచ్చే నాగావళి. దాని ఉపనది సువర్ణముఖి మీద వంగర మండలంలో మడ్డువలస రిజర్వాయరు. నిజమే, నీళ్లున్నాయి. కానీ వాన నాలుగైదు నెలల్లో పడిపోతుంది. దాహం పన్నెండు నెలలూ వేస్తుంది. ఆ తేడా దగ్గరే అసలు కష్టమంతా.

కాలమ్ లేని కొలను

సరే, ఇలాంటివాటికి రూల్సు ఉంటాయి కదా, చూద్దాం అనుకున్నారు మేష్టారు. ప్లాను గీసే కుర్రాడిని పిలిపించారు. అతను తల గోక్కున్నాడు. ''దరఖాస్తులో గదులు, మెట్లు, ఇంకుడుగుంత... వీటన్నిటికీ జాగా ఉంది సార్. పెరట్లో కొలనుకి నీళ్లెక్కణ్ణుంచి తెస్తారు అని అడిగే కాలమ్ నాకెక్కడా తగల్లేదు. ఎందుకొచ్చిన గొడవ, వాటర్ ట్యాంకు అని చూపించేద్దాం. ఎవరూ అడగరు'' అన్నాడు.

''లెక్కల మేష్టారి ఇంటికి దొంగలెక్కతో శంకుస్థాపన చేయమంటావా?'' అన్నారాయన నవ్వుతూనే. కుర్రాడు కూడా నవ్వాడు కానీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నిజానికి మన దగ్గర చట్టం లేక కాదు. 2002లోనే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్టు... మూడిటినీ కాపాడాలని చేసిన చట్టమది. బోర్ల నమోదు, బోరుబళ్ల నమోదు, ఊరందరూ తాగే నీటివనరుకి 250 మీటర్ల లోపు కొత్త బోరు తవ్వాలంటే అనుమతి, వాననీటి సంరక్షణ... ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత 2017లో ఆంధ్రప్రదేశ్‌కి కొత్త భవన నిర్మాణ నియమాలు వచ్చాయి. ఈత కొలనులో నీరు ఎంత శుభ్రంగా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3328 కూడా ఉంది.

అంటే బోరు ఎలా వేయాలో ఒక కాగితం చెబుతుంది. ఇల్లు ఎలా కట్టాలో మరో కాగితం చెబుతుంది. కొలనులో నీరెంత శుభ్రంగా ఉండాలో ఇంకో కాగితం చెబుతుంది. ఈ మూడూ కలిసే చోట, అంటే ఓ చిన్న పట్టణంలో ఓ ఇంటి పెరట్లో, ఎవరి నీళ్లు ఎంత, ఎప్పుడు వాడుకోవచ్చో చెప్పే నాలుగు ముక్కలు మాత్రం తేలిగ్గా దొరకవు. ఆ చట్టం వచ్చిన రోజుల్లో రాజాంలాంటి ఊళ్లో పెరటి కొలను అంటే సినిమాలో హీరోయిన్ ఇల్లే గుర్తొచ్చేది. అప్పటికి, ఇప్పటికి ఊరు మారింది. ఇంజినీరింగ్ కాలేజీ వచ్చి పాతికేళ్లు దాటింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలే మారిపోయి రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. ఊరు మారినప్పుడు ఊరి రూల్సూ మారాలి కదా!

లోకంలో ఏం జరిగింది?

ఈ తంటా పడింది మనమొక్కళ్లమే కాదు. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం కుళాయిలు కట్టేసే రోజు దగ్గరికొచ్చింది. ఆ ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకి 50 లీటర్లే వాడాలన్నారు. నగరపాలక సంస్థ నీళ్లతో కొలనులు నింపడం నిషేధించారు. తర్వాత 2023లో శాస్త్రవేత్తలు ఆ నగరం నీటి వాడకం మీద ఓ అధ్యయనం ప్రచురించారు. జనాభాలో 14 శాతం ఉన్న సంపన్న, ఎగువ మధ్యతరగతి కుటుంబాలే సగానికి పైగా నీళ్లు వాడుతున్నాయని అందులో తేలింది. తోటలు, కొలనులు, కార్లు కడగడం... అన్నీ కలిపి! కరవు మబ్బుల్లోనే కాదు, పంపకంలో కూడా ఉందన్నమాట.

ఫ్రాన్స్‌లో ఇంకో తమాషా. అక్కడ ఇంట్లో కొలను ఉంటే పన్ను పెరుగుతుంది. అందుకని చాలామంది చెప్పకుండా దాచేశారు. 2022లో పన్నుల శాఖవాళ్లు విమానాల నుంచి తీసిన ఫొటోలని కంప్యూటర్‌తో వెతికించి, తొమ్మిది జిల్లాల్లోనే 20,000 దాకా దొంగ కొలనులు పట్టుకున్నారు. మర్నాటి ఏడాది అదే దేశం దక్షిణాన ఓ జిల్లాలో కరవొస్తే, కొలనులు నింపడమే కాదు, నేల మీద పెట్టుకునే రెడీమేడ్ కొలనుల అమ్మకాన్నీ ఆపేశారు.

మేష్టారికి ఇవన్నీ విన్నాక ఒకటి అర్థమైంది. ఎక్కడైనా సరే, రూల్సు కరవొచ్చాక పుట్టాయి. కొలనులన్నీ కట్టేశాక, నీళ్లన్నీ అయిపోయాక, జరిమానా రూపంలో పుట్టాయి. రాజాంలో ఇంకా ఆ పరిస్థితి రాలేదు. అంటే ముందే రాసుకునే అదృష్టం ఉంది. మొదటి కొలను కట్టేవాడే మొదటి రూలూ రాస్తే?

కప్పు మీద కురిసిన జవాబు

ఆ దసరాకి కొడుకు, కోడలు, పిల్లలు వచ్చారు. విజయనగరం వెళ్లి సిరిమానోత్సవం చూసొచ్చారు. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక డైరీ తెరిచారు మేష్టారు. కొడుకు వాదనకి సిద్ధమై కూర్చున్నాడు. వద్దంటారని అతని ఉద్దేశం. ఆయన మాత్రం, ''మన ఇంటి కప్పు ఎంతరా?'' అని అడిగారు.

''పదిహేనొందల అడుగులు.''

''అంటే దగ్గర దగ్గర 139 చదరపు మీటర్లు. ఏడాదికి మీటరు వాన పడిందనుకో. అయిదో వంతు వృథాగా పోయిందనుకో. ఎంత మిగులుతుంది?''

కొడుకు ఫోన్ తీసేలోపే మనవరాలు కాగితం మీద చేసేసింది. లక్షా పదకొండు వేల లీటర్లు! కొడుకు గీయించిన పెద్ద కొలనుని రెండుసార్లు నింపినా ఇంకా మిగులుతుంది. పట్టుకోకపోతే ఆ నీరంతా గొట్టంలోంచి వీధి కాలవలోకి పోయేదే!

''కాబట్టి కొలను వద్దని నేనను. బోరు నీటి కొలను వద్దంటాను. మున్సిపాలిటీ కుళాయి నీటి కొలను వద్దంటాను. మన కప్పు మీద పడ్డ వాన ఎంతో, మన సరదా అంత'' అన్నారు మేష్టారు.

కొడుకు వెంటనే ఒప్పుకోలేదు. ''వానలు వెనకపడితే? పిల్లలు వచ్చేది వేసవి సెలవులకి కదా!'' అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు కోడలు కలగజేసుకుంది. ''మావయ్యగారు చెప్పింది నాకు నచ్చింది. బెంగళూరులో మనకి కొలను పోయింది ఎందుకు? ఎవరికి వాళ్లు బోర్లు వేసుకునే కదా! ఇక్కడా అదే మొదలుపెడితే పదేళ్లకి ఇక్కడా పిల్లలు ఖాళీ కొలనులో క్రికెట్టే ఆడతారు.''

సాయంత్రం దాకా మాటలు నడిచాయి. కొలను చిన్నదయింది. ఎనిమిది మీటర్లు ఆరు అయింది, నాలుగు మూడయింది, లోతు మీటరూ ఇరవైకి తగ్గింది. మొత్తం 21,600 లీటర్లు. సగానికి సగం కన్నా తక్కువే. పిల్లలు ఈత నేర్చుకోవడానికి అంత లోతు చాలదూ! పైన పరిచే కవరు కూడా రాసుకున్నారు. వాడనప్పుడు కవరు కప్పి ఉంచితే కొత్తగా పోయాల్సిన నీళ్లు 30 నుంచి 50 శాతం దాకా తగ్గుతాయని అమెరికా ఇంధన శాఖవాళ్ల సలహా.

మేష్టారి కాగితం

ఆ రాత్రి మేష్టారు ఓ తెల్లకాగితం మీద పొందిగ్గా రాసి, కింద సంతకం పెట్టారు. తండ్రీకొడుకులు ఇద్దరూ. ఆ కాగితంలో ఉన్నది ఇదీ...

కొలనుని ప్లానులో కొలను అనే చూపించాలి. పొడవు, వెడల్పు, లోతు రాయాలి. నింపడానికి వాననీరే వాడాలి. అది నిలవ ఉంచడానికి నేలలో తొట్టి ముందు కట్టాలి, కొలను తర్వాత తవ్వాలి. మార్చి నెల మొదలయ్యాక తొలకరి పడేదాకా కొలనుని కొత్తగా నింపకూడదు. ఆవిరైపోయిన నీటిని తొట్టిలో ఉన్నదాంతోనే భర్తీ చేసుకోవాలి. అది అయిపోతే ఆ వేసవికి ఈత బంద్. ట్యాంకరు పిలవకూడదు.

కొలనులోకి వెళ్లే గొట్టానికి విడిగా మీటరు ఉండాలి. నీరు పాడైందని పారబోసి కొత్తది పోయడం కాకుండా ఫిల్టరుతో శుభ్రం చేసుకుంటూ వాడాలి. ఫిల్టరు కడిగిన నీటిని ఎండలో కొన్ని రోజులుంచి, క్లోరిన్ పోయాక మొక్కలకి పెట్టాలి. గెడ్డలోకీ పొలాల్లోకీ వదలకూడదు. చుట్టూ కంచె, దానికి పసిపిల్లలకి అందని గడియ ఉండాలి. పెద్దవాళ్లు లేకుండా పిల్లలు దిగకూడదు. ఈ ఆఖరి మాట కింద మేష్టారు రెండు గీతలు గీశారు. ఎర్రసిరాతో.

చివర ఇంకో రెండు ముక్కలు కూడా చేర్చారు. అవి తమ ఇంటి కోసం కాదు, ఊరి కోసం. ఇకమీదట ఊళ్లో ఎవరు కొలను కట్టుకున్నా ఇవే నియమాలు పెట్టండి. వాళ్ల దగ్గర ఏటా కొంత రుసుం తీసుకోండి. ఆ డబ్బు వేరేగా దాచి, ఎప్పటికైనా బడిపిల్లలందరికీ ఈత నేర్పే కొలను ఒకటి కట్టండి. లేదా ఉన్న చెరువు ఒకదాన్ని బాగుచేసి, ఓ మూల కంచె వేసి, ఈత నేర్పే మనిషిని పెట్టండి. కొలను కట్టించుకోగలిగే ఇళ్లు ఊళ్లో ఎన్నుంటాయి? చెరువులో దిగే పిల్లలు ఎందరుంటారు?

ఆ కాగితాన్ని అర్జీగా రాసి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చారు. వెంటనే రూలు మారిపోతుందని ఆయనకి భ్రమలేమీ లేవు. ''రేపు ఇంకెవరో ప్లాను పట్టుకుని వెళ్తారు. అప్పుడు అక్కడున్న మనిషికి ఈ కాగితం గుర్తొస్తే చాలు'' అన్నారు భార్యతో.

చిక్కంతా ఇక్కడే ఉంది మరి. పెరటి కొలను అనేది ఒకరిద్దరు కట్టుకుంటే ముచ్చట. వీధికి నాలుగొస్తే ముప్పు. మొదటివాడిని చూసే మిగతావాళ్లు కట్టుకుంటారు. అతను బోరుతో నింపితే అందరూ బోరుతోనే నింపుతారు. వాన తొట్టి కట్టి నింపితే ''మేష్టారింట్లో అలాగే చేశారు'' అని రెండోవాడికి చెప్పడానికి ఉంటుంది. కాగితం మీద రూలు రావడానికి ఏళ్లు పట్టొచ్చు. వీధిలో రూలు మాత్రం మొదటి ఇంటితోనే వచ్చేస్తుంది, మంచిదైనా చెడ్డదైనా!

ఇప్పుడా స్థలంలో పునాదులు లేచాయి. వాన తొట్టి గుంత తవ్వడం అయిపోయింది. కొలను గుంత ఇంకా తవ్వలేదు. ఒక వానాకాలంలో తొట్టి నిండితేనే దాని సంగతి చూద్దామని ఒప్పందం. మనవరాలు ఫోన్ చేసినప్పుడల్లా, ''తాతయ్యా, ఎంత నిండింది?'' అని అడుగుతోంది. ''ముందు కప్పు వెయ్యనియ్యవే!'' అంటున్నారాయన.

ఎదురింటావిడకి మాత్రం ఆయన జవాబు బాకీ పడ్డారు కదా! ఓ ఆదివారం పొద్దున్నే ముడులు వేసిన తాడు, దాని చివర ఓ రాయి కట్టుకుని వాళ్ల నూతి దగ్గరికి వెళ్లారు. తాడు దించి, తడిసిన చోట ముడులు లెక్కపెట్టి, తేదీతో సహా ఓ నోటు పుస్తకంలో రాశారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే పని. నూతి లోపలి గోడ మీద సున్నంతో ఓ గీత కూడా గీయించారు.

''చూడమ్మా, నీరు ఈ గీత కిందికి దిగిన రోజున మా కొలను మూత తియ్యం. దిగిందో లేదో చూసి చెప్పాల్సింది నువ్వే'' అంటూ ఆ పుస్తకం ఆవిడ చేతిలో పెట్టారు.

''నాకు సదువు రాదు కదా మేష్టారూ!'' అందావిడ.

''గీత చూడ్డానికి చదువెందుకమ్మా?'' అన్నారాయన.